పెంకుల మీద విన్న సీరియల్

మెకానిక్ బండికి స్టాండు వేసేలోగానే వాచ్‌మన్ ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిన మనిషి. పరుగు అనుకుని నడుస్తూ వచ్చాడు.

“ఎంతసేపైంది బాబాయ్?”

“ఇరవై నిమిషాలు దాటింది. ఐదో అంతస్తు పెద్దావిడ. లోపల ఒక్కతే ఉంది.”

“ఎక్కడ ఆగింది?”

“మూడుకీ నాలుక్కీ మధ్య. కూతురు నాలుగులో నిలబడి తలుపు బాదుతోంది. బాదితే ఊడొస్తుందా తల్లీ అంటే నా మీద కళ్ళెర్రజేసింది.”

మెకానిక్ సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కాడు. ఇరవై ఏడేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు గానీ, అత్యవసరమని పిలిచిన ఏ రోజూ లిఫ్టులో పైకి వెళ్ళే భాగ్యం కలగలేదు. పగలు పదకొండు గంటలు. మెట్ల దారిలో ఎండ గళ్ళుగళ్ళుగా పడుతోంది. ఒక్కో అంతస్తులో ఒక్కో తలుపు తెరుచుకుని, ఒక్కో మొహం బయటికి చూసి, మెకానిక్ వచ్చాడులే అని లోపలికి పోతోంది.

నాలుగో అంతస్తులో కూతురు నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ఆఫీసుకు బయల్దేరుతూ ఆగిపోయినట్టుంది. మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది, ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు. నోట్లో పెట్టుకుని పీల్చే మందు తాలూకు నీలం గొట్టం చేతిలో ఉంది.

“అమ్మకి ఆయాసం అన్నా. కింద నాలుగడుగులు వేసొస్తానని దిగుతూ ఇది మర్చిపోయింది. తలుపు కొంచెం సందు చెయ్యండి చాలు, లోపల పడేస్తాను.”

“సందు రాదమ్మా. లిఫ్టు అంతస్తుకి సరిగ్గా వచ్చి నిలబడితే తప్ప లోపలి తలుపు కదలదు. జనం మధ్యలో దూకకుండా పెట్టిన తాళం అది.”

“విరగ్గొట్టండి.”

“విరగ్గొట్టాలంటే గంట. పైకి లాగాలంటే పావుగంట.”

కూతురు గొంతు తగ్గించింది, లోపల తల్లికి వినపడకూడదని. “పోయినేడాది ఇలాగే మందు ఆలస్యమైతే మూడు రోజులు గొంతులో గొట్టం పెట్టి ఉంచారు. ఇంకోసారి అంతదాకా రానివ్వద్దన్నాడు డాక్టరు. వస్తే తన చేతుల్లో ఉండదన్నాడు.”

మెకానిక్ తలుపుకు చెవి ఆనించాడు. ఎక్కడో దూరంగా ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టుంది. ఈల కాదు. ఊపిరి.

“పెద్దమ్మా, మెకానిక్‌ని వచ్చాను. నేల మీద కూర్చోండి. తలుపుకి ఆనుకోవద్దు. మాట్లాడక్కర్లేదు, వినపడితే రెండుసార్లు తట్టండి.”

టక్, టక్ అని వినపడింది. మనిషికి తెలివి ఉంది. అంతవరకు మేలు.

మిద్దె మీద మోటారు గది తలుపు తియ్యగానే కాలిన రబ్బరు వాసన ముక్కుకు కొట్టింది. కరెంటు డబ్బాలో ఒక రాగితీగ చుట్ట బొగ్గైపోయి ఉంది. అది మార్చేదాకా మోటారు తిరగదు. దాన్ని వెతికి తెచ్చి బిగించేసరికి సాయంత్రమవుతుంది. ఇక మిగిలింది చేత్తో తిప్పడమే.

చేత్తో తిప్పడానికి ఇద్దరుండాలి. మోటారు ఇరుసుకు ఇనప చక్రం తగిలించి ఒకడు తిప్పుతుంటే, ఇంకొకడు బ్రేకు మీట నొక్కి పట్టాలి. మీట నొక్కినంతసేపే బ్రేకు వదులుతుంది, చెయ్యి తీస్తే కరుచుకుంటుంది. రెండు పనులూ ఒక్కడే చెయ్యకూడదని కంపెనీ రూలు. చేసినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళలో ఒకాయనకు ఎడం చేతికి ఇప్పుడు మూడే వేళ్ళున్నాయి.

మెకానిక్ జోడీ పనివాడికి ఫోన్ చేశాడు. వాడు ఊరికి ఆ చివర ఇంకో లిఫ్టు విప్పుకుని కూర్చున్నాడు. “ఎగిరొచ్చినా గంట పడుతుంది గురూ,” అన్నాడు.

మెకానిక్ వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో వాచ్‌మన్ రొప్పుతూ నిలబడి ఉన్నాడు.

“బాబాయ్, ఇలా రా.”

“నేనా? నా చేతులు చూడు నాయనా. టీ గ్లాసు పట్టుకుంటేనే సగం చొక్కా తాగుతుంది.”

“ఇరవయ్యేళ్ళు గేటు తీశావు, మూశావు. ఇదీ గేటే అనుకో.”

“గేటు ఎవరి ప్రాణమూ తియ్యదు.”

“ఇదీ తియ్యకూడదు. అందుకే పిలుస్తున్నా. నొక్కమంటే నొక్కు. తియ్యమంటే చేతులు పైకెత్తు. అంతకుమించి నీ పని లేదు.”

వాచ్‌మన్ చేతులు లాగుకు తుడుచుకుని మీట దగ్గరికి వచ్చాడు.

లిఫ్టు పెట్టె ఒక వైపు, దానికి సరితూగే ఇనప దిమ్మలు ఇంకో వైపు, మధ్యన మోటారు చక్రం మీంచి ఉక్కు తాళ్ళు. పెట్టె నిండా జనముంటే పెట్టె బరువు. లోపల ఒక్క బక్కమనిషే ఉంటే దిమ్మలే బరువు, బ్రేకు వదిలితే పెట్టె తనంతట తనే పైకి పాకుతుంది. దాన్ని పాకనివ్వాలి, పరిగెత్తనివ్వకూడదు. నాలుగో అంతస్తు దాటి పైకి పోయిందంటే తలుపు తాళం మళ్ళీ బిగుసుకుంటుంది. దిమ్మల బరువుకు ఎదురు తిప్పి మళ్ళీ కిందికి తేవాలి. ఆవిడ ఊపిరికి అంత వ్యవధి లేదు.

నేల మీద తాళ్ళు దిగే కంతల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మెకానిక్ బ్యాటరీ లైటు వేశాడు. ఒక్కో అంతస్తుకు గుర్తుగా తాడు మీద పసుపు రంగు పూసి ఉంటుంది. ఆ గుర్తు కంత అంచున గీసిన గీతకు వస్తే పెట్టె ఆ అంతస్తుకు వచ్చినట్టు. నాలుగో అంతస్తు గుర్తు కింద కనపడింది. కళ్ళతో కొలుచుకున్నాడు. ఎనిమిది జానలు.

కంతలో నోరు పెట్టి పిలిచాడు. “పెద్దమ్మా, ఇప్పుడు మెయిన్ స్విచ్చి తీసేస్తున్నా. మీకు దీపం ఆరిపోతుంది, ఫ్యాను కూడా ఆగిపోతుంది. భయపడకండి. తప్పదు.”

కంతలోంచి సమాధానం వచ్చింది. లోతైన నూతిలోంచి పైకి తేలి వచ్చినట్టు వచ్చింది.

“తొందరేం లేదు. కానివ్వు.”

మెకానిక్ చెయ్యి మెయిన్ మీదే ఆగిపోయింది.

ఆ గొంతు తనకు తెలుసు. మాట చివర్న, నిండు గిన్నెను చప్పుడు కాకుండా నేల మీద దించినట్టు ఆగుతుంది. ఆ గొంతు విని నలభై ఏళ్ళైంది. అయినా తెలుసు.

అప్పుడతనికి పదకొండేళ్ళు. ఊరంతటికీ ఒకే టీవీ ఉండేది, పోస్టుమాస్టరుగారింట్లో. మంగళవారం సాయంత్రం అరగంట సీరియల్ వచ్చేది. దాని పేరు ఎవరూ పలికేవారు కాదు, మంగళవారం సీరియల్ అంటే సరిపోయేది. ఆ అరగంటకు ఊళ్ళో పొయ్యిలు ఆరిపోయేవి. పోస్టుమాస్టరుగారి హాలు నిండి, వరండా నిండి, కిటికీ ఊచలకు కూడా జనం వేలాడేవారు. అంతా సిద్ధమయ్యాక బొమ్మ మాత్రం వచ్చేది కాదు. చీమలు పాకినట్టు చుక్కలే. ఇంటి కప్పు మీద గొట్టానికి కట్టిన యాంటెన్నా గాలికి తిరిగిపోయేది. ఎవరో ఒకరు ఎక్కి సరిచెయ్యాలి. పెద్దవాళ్ళెక్కితే పెంకులు పగులుతాయి. ఊళ్ళో బక్కపిల్లాడెవడని చూస్తే వీడు కనపడ్డాడు.

మొదటి మంగళవారం ఎక్కి, తిప్పి, “వచ్చిందా?” అని అరిచాడు. “వచ్చింది, వచ్చింది, అక్కడే ఆపు,” అన్నారు కిందనుంచి. హమ్మయ్య అని చెయ్యి తీశాడు. బొమ్మ పోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. బొమ్మ వచ్చింది. గొట్టం మీద వీడి చెయ్యి ఉంటేనే బొమ్మ నిలబడేది. అదేం విడ్డూరమో పోస్టుమాస్టరుగారికీ అంతుపట్టలేదు. “వాణ్ణి కదలనివ్వకండి,” అన్నాడాయన. పదమూడు వారాలు వాడు కదల్లేదు. ఊరు వాడికి యాంటెన్నా అని పేరు పెట్టింది.

అందరూ చూశారు. వాడు విన్నాడు. పెంకుల సందుల్లోంచి మాటలు వెచ్చగా పైకొచ్చేవి. అందులో ఒకమ్మాయి, ఆ అమ్మాయికి చూపు లేని తండ్రి. మేడ మీది గదిలో ఉంటారు. ప్రతివారం మొదట్లో ఆమె తండ్రిని చెయ్యి పట్టుకుని మెట్లు దింపేది. “ఇంకా ఏడు మెట్లు నాన్నా. తొందరేం లేదు. నేనున్నాగా.” ఆ మాట వినపడగానే పెంకుల మీద వాడి ఒళ్ళంతా చెవులయ్యేది. ప్రేమ అనే మాట పదకొండేళ్ళవాడికి తెలియదు. మంగళవారం మధ్యాహ్నం నుంచి అన్నం సయించేది కాదు, అంతే.

బడిలో మగపిల్లలు ఆమె బుగ్గ సొట్ట గురించి మాట్లాడుకునేవారు. ఆడపిల్లలు హీరో మీసాల గురించి చెప్పుకుని నవ్వుకునేవారు. యాంటెన్నా నోరు మెదిపేవాడు కాదు. సొట్ట ఉందని వాడికేం తెలుసు? సీరియల్ అయిపోయాక ఎవరో తెచ్చిన పేపర్లో ఆమె ఫొటో పడితే కత్తిరించి, రేకు పెట్టె మూత లోపల అంటించుకున్నాడు. పెళ్ళయ్యాక భార్య చూసింది. “ఎవరీవిడ?” అంది. చెప్పాడు. అప్పట్నుంచి ఆ ఫొటో ఆ ఇంట్లో సవతి అయింది. పెట్టె దులిపినప్పుడల్లా, “నా సవతికి బూజు పట్టింది చూడండి,” అనేది.

ఒకసారి సినిమాలో ఆ హీరోయిన్ వచ్చిందంటే పక్క ఊరికి నడిచివెళ్ళి చూశాడు. సొట్ట ఉంది. గొంతు మాత్రం వేరేగా ఉంది. పాపం జలుబు చేసినట్టుంది అనుకున్నాడు.

“ఏమైంది నాయనా?” అన్నాడు వాచ్‌మన్.

“ఏం లేదు.”

మెయిన్ తీశాడు. కింద ఎక్కడో తిరుగుతున్న ఫ్యాను చప్పుడు సన్నబడి ఆగిపోయింది. మెకానిక్ చక్రం తగిలించి రెండు చేతులా పట్టుకున్నాడు.

“నొక్కు.”

వాచ్‌మన్ కళ్ళు మూసుకుని నొక్కాడు. బ్రేకు వదిలింది. చక్రం దానంతట అదే కదిలింది, మెల్లగా, తర్వాత అంత మెల్లగా కాదు.

“తియ్యి.”

వాచ్‌మన్ తియ్యలేదు. బెదిరిన మనిషి చేతిలో ఉన్నదాన్ని మరింత గట్టిగా పట్టుకుంటాడు, వదలడు. ఆయన మీట మీద ఒంటి బరువంతా వేసి వేలాడాడు. చక్రం మెకానిక్ చేతుల్లోంచి జారి తిరిగింది. తాళ్ళు బుస్సుమన్నాయి. కింద కూతురు కేక పెట్టింది. మెకానిక్ మోచేత్తో వాచ్‌మన్ చేతుల్ని ఒక్క తోపు తోశాడు. బ్రేకు కరుచుకుంది. మొత్తం గది దడదడలాడి ఆగింది.

వాచ్‌మన్ గోడకు చేరగిలబడ్డాడు. “నా వల్ల కాదన్నానా లేదా.”

మెకానిక్ తిట్టలేదు. కంత దగ్గర వంగి చూశాడు. జానెడు పైకి వచ్చింది. ఇంకా ఏడు. ఆ అంకెను పెదాలతో ఇంకోసారి అనుకున్నాడు.

“పెద్దమ్మా, దెబ్బ తగిలిందా?”

ఈల లాంటి ఊపిరి. మధ్యలో ఒక మాట. “లేదు.” ఇంకో ఊపిరి. “పైన… ఎవరైనా పడ్డారా?”

ఆ గొంతే. ఇక అడక్కుండా ఉండటం అతని చేత కాలేదు. “పెద్దమ్మా, మంగళవారం సీరియల్లో చేసింది మీరేనా?”

కంతలోంచి వేడిగాలి ఒక్కటే పైకి వస్తోంది.

“నేను ఏ సీరియల్లోనూ కనపడలేదు బాబూ. నువ్వు… పని చూడు.”

మెకానిక్‌కు సిగ్గేసింది. ఒక మనిషికి ఊపిరి ఆడకపోతుంటే తాను అడగాల్సిన మాటా ఇది? అయినా ఆవిడ మాట్లాడినంతసేపూ ఒకటి గమనించాడు. వాచ్‌మన్ చేతుల వణుకు తగ్గింది. కింద మనిషి బతికి ఉందని చెవితో తెలిస్తే పైన మనిషికి ధైర్యం.

“ఒక పని చెయ్యండి పెద్దమ్మా. ఇంకా ఏడు జానలుంది. మెట్లనుకోండి. ఏడు నుంచి ఒక్కొక్కటి తగ్గిస్తూ చెప్పండి. మీరు చెప్తేనే మేము కదుపుతాం. చెప్పలేకపోతే ఆగుతాం.” వాచ్‌మన్ వైపు తిరిగాడు. “ఆవిడ అంకె చెప్పగానే నొక్కు. నేను తియ్యి అనగానే చేతులెత్తు. కళ్ళు మూయకు. నా మొహం చూడు.”

“నీ మొహం చూస్తే ధైర్యం రావట్లేదు నాయనా.”

“అయితే గోడ చూడు.”

కిందనుంచి ఒక ఊపిరి, ఇంకో ఊపిరి, ఆ వెంటనే మాట.

“ఇంకా ఏడు మెట్లు.”

మెకానిక్ చక్రం మీద పట్టు బిగించాడు. ఆ మూడు మాటలూ అదే వరసలో, అదే విరుపుతో. కనపడలేదని చెప్పిన మనిషి నోట్లోంచి. మీట కిర్రుమంది. చక్రం తిప్పాడు, ఆపుతూ తిప్పాడు. ఎనిమిది చుట్లు.

“తియ్యి.”

చేతులు లేచాయి. బ్రేకు కరిచింది.

“ఆరు.”

మళ్ళీ ఎనిమిది చుట్లు. చెమట కనుబొమ్మ మీంచి కంట్లోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

“తియ్యి.”

“ఐదు.” ఈసారి అంకె ముందు రెండు ఊపిరులు పట్టాయి.

“అమ్మా, వస్తున్నావమ్మా, దగ్గరికొచ్చేశావు,” అని కూతురు కింద అరుస్తోంది. పక్కింటివాళ్ళెవరో నీళ్ళు తెచ్చినట్టున్నారు, గ్లాసు చప్పుడైంది. వాచ్‌మన్ గోడ వైపే చూస్తూ పెదాలు కదుపుతున్నాడు, ఆవిడతోపాటు అంకెలు చెప్పుకుంటున్నాడు.

“నా…లుగు.”

ఆ ఒక్క అంకెకు పట్టిన సమయంలో మామూలుగా నాలుగు జానలూ అయిపోవాలి. మెకానిక్ చక్రం ఆపి గుర్తు చూశాడు. మూడు జానలు. చేతికందేంత దగ్గరలో ఉంది, మనిషికి అందనంత దూరంలో ఉంది.

“మూడు చెప్పండి పెద్దమ్మా.”

“మూ…”

సగం అంకెకే వాచ్‌మన్ నొక్కేశాడు. మంచిపని చేశాడు. ఎనిమిది చుట్లు. “తియ్యి.”

తర్వాత అంకె రాలేదు.

ఈల కూడా రాలేదు. ఇంతసేపూ ఆ ఈల ఎప్పుడు ఆగుతుందా అనుకున్నవాడు అది ఆగగానే కంతకు చెవి ఆనించాడు.

“పెద్దమ్మా. రెండు. రెండు అనండి.”

కూతురు మళ్ళీ తలుపు బాదడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ మీట మీద చేతులు పెట్టుకుని, నొక్కకుండా, బిక్కమొహంతో చూశాడు. “ఆవిడ చెప్పలేదు. నొక్కాలా వద్దా?”

రెండు జానలు. రూలు ప్రకారం తిప్పి, ఆపి, చూసి, మళ్ళీ తిప్పాలి. ఇంకో నాలుగైదు నిమిషాలు. వదిలేస్తే పెట్టె తనంతట తానే రెండు క్షణాల్లో వచ్చేస్తుంది. వచ్చి, గుర్తు దాటి పోతుంది. పోతే ఇక అంతే సంగతులు. మెకానిక్ చక్రాన్ని వదిలి, అరచేతులు దాని అంచుకు ఆనించాడు. చిన్నప్పుడు యాంటెన్నా గొట్టాన్ని ఎలా పట్టుకునేవాడో అలా. తిప్పడానికి కాదు, జారేదాన్ని జారుతున్నంతసేపూ పట్టి ఉంచడానికి.

“నొక్కు బాబాయ్. నేను చెప్పేదాకా తియ్యకు.”

“ఇందాక తియ్యలేదనేగా తోశావు?”

“ఇప్పుడు తీస్తే తోస్తా. నొక్కు.”

నొక్కాడు. చక్రం కదిలింది. అరచేతుల కింద ఇనుము పాకింది, తర్వాత పరిగెత్తబోయింది. మెకానిక్ ఒంటి బరువంతా చేతుల మీద వేసి అదిమాడు. చర్మం వేడెక్కింది, మండింది. చూపు పసుపు గుర్తు మీదే ఉంది. అది చీకట్లోంచి పైకి లేస్తోంది. తన నోరు ఏదో అంటోందని అతనికి తర్వాత తెలిసింది. కంతలోకి వంగి, ఎవరికి వినపడుతుందో లేదో చూసుకోకుండా అంటున్నాడు.

“ఇంకా రెండు మెట్లు. తొందరేం లేదు. నేనున్నాగా. ఇంకొక్క మెట్టు. నేనున్నాగా. తియ్యి బాబాయ్.”

చేతులు లేచాయి. ఈసారి ఒక్క రెప్పపాటు కూడా ఆలస్యం కాలేదు. బ్రేకు కరిచింది. పసుపు గుర్తు గీతకు రెండు వేళ్ళ కింద ఆగింది.

మెట్లు ఎలా దిగాడో తెలియదు. మూడు మూలల తాళంచెవి నాలుగో అంతస్తు తలుపు కంతలో పెట్టి తిప్పాడు. బయటి తలుపు జరిగింది. లోపలి తలుపును వేళ్ళు దూర్చి లాగాడు. తాళం టక్కుమని ఊడింది.

ఆవిడ మూలకు ఆనుకుని కూర్చుని ఉంది. చిన్న మనిషి. తెల్లజుట్టు నుదుటికి అంటుకుపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి, అవి వీళ్ళనే చూస్తున్నాయి. కూతురు మోకాళ్ళ మీద పడి మందు గొట్టం నోట్లో పెట్టి నొక్కింది. ఒకసారి. రెండుసార్లు. ఏమీ కాలేదు. మూడోసారి నొక్కింది. ఛాతీ ఒకసారి ఎగిసింది. ఆగింది. మళ్ళీ ఎగిసింది. తర్వాత ఆ ఈల వినపడింది, మూతపడిన తలుపేదో మెల్లగా తెరుచుకుంటున్నట్టు.

కూతురు అప్పుడు ఏడ్చింది.

పావుగంట తర్వాత ఆవిడ నాలుగో అంతస్తు వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పెదాలకు రంగు తిరిగింది. ఆసుపత్రికి వెళ్దాం అని కూతురు, ముందు ఇంటికి వెళ్దాం అని తల్లి. వాచ్‌మన్ చుట్టూ చేరినవాళ్ళకు బ్రేకు గురించి వివరిస్తున్నాడు. ఆయన మాటల్లో మెకానిక్ చక్రం మాత్రమే తిప్పాడు, మిగతాదంతా మీట పనే.

“పైన నాతో లెక్క పెట్టించింది ఎవరు?” అంది ఆవిడ.

మెకానిక్ ముందుకొచ్చాడు.

“చివర్న ఆ మాటలన్నావు. నేనున్నాగా అని. అవెక్కడివి నీకు?”

“మంగళవారం సీరియల్లోవి పెద్దమ్మా. చిన్నప్పటివి.”

ఆవిడ నుదుటికి అంటిన జుట్టు వెనక్కి తోసుకుంది. “కనపడలేదని నీతో అన్నది అబద్ధం కాదు. మొహం ఆ అమ్మాయిది. పాపం తనకు మన భాష రాదు, పెదాలు కదిపేది. మాటలు నావి. మాటలు చెప్పే గదిలో ఫ్యాను వేస్తే ఆ చప్పుడు రికార్డయిపోతుందని ఆపేసేవాళ్ళు. పదమూడు వారాలు ఊపిరాడని గదిలో నిలబడి చెప్పాను. ఇవాళ నువ్వు ఫ్యాను ఆపుతానంటే, సరే ఇది మనకు అలవాటైన గదే అనుకున్నా.” చిన్నగా నవ్వబోయి దగ్గింది.

“నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?” అంది కూతురు.

“ఏమని చెప్పను? తెర మీద నా పేరు పడలేదు. చూసినవాళ్ళెవరికీ నేను తెలియదు.”

“నేను తెర చూడలేదండి,” అన్నాడు మెకానిక్.

“ఒక్క వారం కూడా?”

“ఒక్క వారం కూడా. కప్పు మీద యాంటెన్నా పట్టుకుని కూర్చునేవాణ్ణి. చెయ్యి తీస్తే బొమ్మ పోయేది.”

“మరి ఆ అరగంటా ఏం చూసేవాడివి?”

“కొంగలు పోయేవండి. అవి చూసేవాణ్ణి.”

ఆవిడ ముందుకు వంగింది. అతని చేతులు రెండూ పట్టుకుని బోర్లించి, మళ్ళీ తిప్పి చూసింది. అరచేతులకు అడ్డంగా ఎర్రటి చార, మధ్యలో చర్మం లేచిపోయి ఉంది. కూతురితో ఇంట్లోంచి మందు తెమ్మంది. మందు రాసేదాకా చేతులు వదల్లేదు.

తర్వాత కూతురు భుజం మీద చెయ్యి వేసి లేచింది. కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకెళ్తాం అని పక్కింటివాళ్ళంటే వద్దంది. నాలుగు నుంచి ఐదుకు పద్దెనిమిది మెట్లు. ఒక్కో మెట్టుకు ఆగి, ఊపిరి పీల్చి, తర్వాతి మెట్టు.

మెకానిక్ తలుపుకు ‘పనిచేయదు’ అనే అట్ట తగిలిస్తుండగా ఫోన్ మోగింది. భార్య.

“ఎంతసేపు? అన్నం చల్లారిపోతోంది.”

“వస్తున్నా. ఆ రేకు పెట్టె మూతలో ఫొటో ఉంది చూడు. తీసెయ్యి.”

“నా సవతినా? నలభై ఏళ్ళకు బుద్ధొచ్చిందా? లేక ఇంకొకతె దొరికిందా?”

“ఆవిడ కాదట.”

“ఎవరు కాదట? ఎవరన్నారు? సరిగ్గా చెప్పండి.”

మెట్ల మలుపు పైనుంచి పెద్దావిడ లెక్కపెడుతున్న అంకెలు వినిపిస్తున్నాయి. పది. తొమ్మిది. మధ్యలో ఊపిరి కోసం ఆగుతోంది. ఎనిమిది. మెకానిక్ అట్ట చేత్తో పట్టుకుని, ఫోన్ చెవికి కొంచెం ఎడంగా జరిపి, కదలకుండా నిలబడ్డాడు. ఆ తర్వాతి అంకె కోసం.

“వినపడుతోందా అసలు?” అంది భార్య.

“వినపడుతోంది,” అన్నాడు.